మందుల్

నాకు కుక్కలంటే ఇష్టం లేదు. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఈమధ్య కనిపించిన ప్రతివాళ్ళూ "మీది ఎంత పెద్ద మనసండీ" అంటున్నారు, నాకు ఒళ్ళు మండిపోతోంది. నాకున్నది మా అప్ప. అప్ప అంటే అక్క, మా ఇళ్ళలో అలాగే పిలుస్తాం. అప్ప నా దగ్గరికి వచ్చింది, కుక్కలు అప్ప దగ్గరికి వచ్చాయి. అంతవరకే నా పాత్ర.

మలేసియాలో, ఈ పోర్ట్ క్లాంగ్‌లో మా ఇంటి వెనక ఒక పాత లారీ షెడ్డు ఉంది. చుట్టుపక్కల గోదాముల వాళ్ళు కాపలాకని కుక్కలను తెచ్చుకుంటారు, గోదాము ఖాళీ చేసేటప్పుడు బల్లలూ కుర్చీలూ ఎక్కించుకుని కుక్కలను మరిచిపోతారు. అప్ప వాటికి అన్నం పెట్టడం మొదలుపెట్టింది. అన్నం దొరికిన చోట కాపురం పెట్టమని కుక్కలకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా. చూస్తుండగానే షెడ్డు నిండిపోయింది.

ఆ షెడ్డు ఒక చీనా తౌకేది, అంటే ఈ వీధిలో సగం కొట్ల యజమానిది. పాత ఇనుము ఎత్తుకుపోయే దొంగలు రాకుండా ఉంటారని ఇన్నాళ్ళూ ఊరుకున్నాడు. ఒక ఉదయం అతను కారు దిగి నిలబడగానే ఒక కుక్కపిల్ల వచ్చి, తీరిగ్గా కాలెత్తి, మెరిసే బూటు మీద పని కానిచ్చుకుని పోయింది. తౌకే అరవలేదు. చేతిరుమాలుతో బూటు తుడుచుకుంటూ, ఇంకొక్క కాన్పు ఈ షెడ్డులో జరిగితే అన్నీ ఖాళీ చేయాలని మలయ్‌లో మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు. ఖాళీ చేయడం అంటే మున్సిపాలిటీ బండి రావడం. ఆ బండెక్కిన కుక్క తిరిగి రావడం మా వీధిలో ఎవరూ చూడలేదు. ఆరోజు అప్ప అన్నం ముట్టలేదు. ఆ షెడ్డు తప్ప ఆమెకు వేరే లోకం లేదు.

కౌలాలంపూర్‌లో ఒక సంస్థ ఇలాంటి షెడ్లకు సాయం చేస్తుందని గుడిలో ఎవరో చెప్పారు. దరఖాస్తు మాత్రం ఇంగ్లీషులో పెట్టుకోవాలట. దానికేం, మా మేడ మీద గదిలో అద్దెకున్నాయన విజయవాడ నుంచి వచ్చిన కంప్యూటర్ ఉద్యోగి. ఒక ఆదివారం ఆయనను కిందికి పిలిచి, ఇడ్లీలు పెట్టి, అప్ప ఎదురుగా కూర్చుంది.

"రాయి బాబూ. మా కాడ శానా కుక్కలున్నాయి. అన్నింటికీ మందుల్ సేయించాల. ఆడవాటికి ముందు, మగవాటికి తరవాత. మందుల్ సేయించకపోతే తౌకే మమ్మల్ని ఎల్లగొట్టేస్తాడు."

"ఆడవాటికి ముందెందుకు ఆంటీ?"

"ఆటికే గదా అవసరం!"

ఆయన పాపం తలూపి టైపు చేశాడు. షరతులు చదివాడా అంటే, చదవకుండా 'అంగీకరిస్తున్నాను' అని నొక్కడం ఆ ఉద్యోగంలో ధర్మం కాబోలు. రాసినదాన్ని మాకు చదివి వినిపించాడు కూడా. ఒక్క ముక్క అర్థం కాకపోయినా చాలా గొప్పగా ఉందని ఇద్దరం మెచ్చుకున్నాం.

జవాబు తొందరగానే వచ్చింది. ఆయన ఫోను చూసుకుంటూ మెట్లు దిగి వచ్చాడు.

"కుదరదన్నారు ఆంటీ. మందులకు డబ్బులివ్వరట. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కే ఇస్తారట."

"అదే లా మనం అడిగింది!" అంది అప్ప. ఈ దేశంలో 'లా' తగిలించనిదే ఎవరికీ మాట పూర్తికాదు.

"కాదండీ, మనం మందులు అడిగాం."

"మందులే గదా మరి!"

"మందులు వేరు, ఆపరేషన్ వేరు కదండీ."

"ఓలమ్మో! మందుల్ అంటేనే ఆపరేషన్ లా! ఏటి బాబూ, నీకు తెలుగు రాదా?"

ఆ మాటతో ఆయన మొహం ఎర్రబడింది. "మందులంటే మందులేనండీ. బిళ్ళలు, టానిక్కులు, సూదిమందులు. అన్నీ వివరంగా రాశాను" అన్నాడు. ఇద్దరూ ఒకే మాట పట్టుకుని చెరోవైపు లాగుతున్నారు. చిక్కుళ్ళు ఒలుచుకుంటూ కూర్చున్న నాకు అప్పుడు వెలిగింది. అప్ప అంటున్నది మలయ్ మాట. మందుల్ అంటే గొడ్డుది, సంతానం కలగనిది అని. ఆయన వింటున్నది తెలుగు మాట. మాకు పుట్టినప్పటినుంచీ తెలుగూ తమిళమూ మలయ్ భాషా ఒకే గిన్నెలో కలిసిపోయాయి, ఏది ఎక్కడిదో మేమెప్పుడూ విడదీసి చూసుకోలేదు. ఆయన మా కుక్కలన్నింటికీ, ఆడవాటికి ముందుగా, దగ్గుమందు అడిగాడన్నమాట.

నేను పొట్ట పట్టుకుని నవ్వుతుంటే ఆయన అప్పనే అడిగాడు. "అయితే మందుల్ అంటే ఏంటి ఆంటీ?"

"పిల్లలు పుట్టనిది, బాబూ" అంది అప్ప. "నాలాగ."

నా నవ్వు ఆగిపోయింది. అప్పకు పెళ్ళి చేసి పెరాక్ రాష్ట్రంలో ఒక రబ్బరు ఎస్టేటుకు పంపారు. కడుపు పండలేదు. అత్తగారు తిట్టడానికి తెలుగులో ఏమన్నా తక్కువ మాటలున్నాయా? అయినా ఆవిడ ఏరి కోరి మలయ్ మాటే పట్టుకుంది. తెలుగులో తిడితే తెలుగువాళ్ళకే తెలుస్తుంది. మందుల్ అంటే తమిళులకూ తెలుస్తుంది, మలయ్ వాళ్ళకూ తెలుస్తుంది, కొట్టు చీనా వాడికీ తెలుస్తుంది. అంత ముందుచూపు ఆవిడది. చివరికి ఎస్టేటంతా అప్పకు అదే పేరయింది, పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. ఆ ముసలామెను తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు మండుతుంది. అప్ప మాత్రం ఆ మాటను కుక్కల కోసం రోజుకు పదిసార్లు వాడుతూ ఉంటే, అది అదే మాటని నాకే తట్టలేదు.

ఆయన రెండోసారి రాశాడు. ఈసారి ఇడ్లీ ముట్టుకోకుండా, షరతులన్నీ చదివి మరీ రాశాడు.

జవాబు కోసం చూస్తుండగా మా కొంప మునిగేలా ఒక నల్ల కుక్క ఎదకొచ్చింది. అప్ప దాన్ని తెచ్చి నా వంటింట్లో కట్టేసింది. పోర్ట్ క్లాంగ్‌లో మగకుక్కలన్నీ మా గేటు ముందు పెళ్ళిచూపులకు దిగాయి. నేను చీపురుతోనూ, మేడమీదాయన గొడుగుతోనూ వాటిని తరుముతుంటే, వీధిలోవాళ్ళు కుర్చీలు వేసుకుని చూశారు. నా తలప్రాణం తోకకొచ్చింది. అప్ప దాని పక్కనే చాప వేసుకుని పడుకుని, "ఒక్క మారు ఓపిక పట్టే తల్లీ, నీకు మందుల్ అయిపోతే ఈ బాధలు లేవు" అని బుజ్జగించేది.

మంజూరైంది. డాక్టర్లు వచ్చారు. ఆపరేషన్ అయిన గుర్తుకు చెవి కొస కొంచెం కత్తిరిస్తారు. తౌకే వచ్చి ప్రతి కుక్క చెవీ వంగి చూసుకున్నాడు, బూటును మాత్రం దూరంగా ఉంచుకుని. ఇక ఉండండి అన్నాడు. అప్ప రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది, తౌకేకు కాదు, పైకి.

సాయం చేసిన సంస్థకు ఫోటో కావాలట. అక్కడ పనిచేసే అమ్మాయి ఒక బ్యానర్ తెచ్చి షెడ్డుకు కట్టించింది. దాని మీద మలయ్‌లో ఇంత లావు అక్షరాలతో 'ప్రొజెక్ మందుల్', అంటే మందుల్ పథకం, అని ఉంది. సరిగ్గా ఆ మాట కింద అప్పను నిలబెట్టింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ గుడ్డ తీసెయ్యమని అరుస్తూ వెళ్ళాను. ఆ అమ్మాయి బెదిరిపోయింది. అప్ప నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"ఉండనియ్యి సెల్లీ. అప్పుడు ఉత్తినే పిలిచినారు. ఇప్పుడు డబ్బులిచ్చి పిలస్తన్నారు లా."

చీర సర్దుకుని, ఆ మాట సరిగ్గా నెత్తి మీదికి వచ్చేలా జరిగి నిలబడింది. ఫోటోలో అప్ప నవ్వుతోంది. పక్కన నేను ముక్కు చీదుకుంటూ ఏడుస్తున్నాను. మూగజీవాల మీద ప్రేమతో కంటతడి పెట్టిన చెల్లెలు అని కింద రాసి అందరికీ పంపారు.