సొట్ట ఫ్లాస్కు

బస్టాండులో ప్రయాణికులు మరిచిపోయిన సామాన్లన్నీ చేరే గదికి ఆయన గుమాస్తా. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది కనుక అందరూ చిటపటల గుమాస్తా అంటారు.

సామాను అడగడానికి వచ్చినవాళ్లకు ఆయన వేసే ప్రశ్న ఒక్కటే: "దానికున్న లోపమేంటి?" అబద్ధాలకోరు వస్తువును ఆకాశానికెత్తేస్తాడు, సొంతదారుడు తిట్టిపోస్తాడు. మొన్నొక పెద్దమనిషి కళ్లజోడు సర్దుకుంటూ, "నా పెట్టె సరికొత్తది, గీత కూడా పడలేదు" అన్నాడు.

"అయితే అది మీది కాదు, దయచేయండి" అన్నాడు గుమాస్తా. ఆ పెట్టెకు ఒక చక్రం ఎప్పుడో ఊడిపోయింది.

ఈ తెలివి ఇంటి దగ్గర మాత్రం పనిచేసేది కాదు. రోజూ సాయంత్రం భార్య ప్రార్థనకు కూర్చుంటూ, "మీరూ రండి" అని పిలుస్తుంది. ఆయన పేపరు అడ్డం పెట్టుకుంటాడు.

"పొద్దస్తమానం జనం మీద అరిచి వచ్చాను. ఏ మొహం పెట్టుకుని కూర్చోను? నన్ను చూస్తే దేవుడు కూడా తలుపేసుకుంటాడు."

నవ్వుతూనే అనేవాడు గానీ, ఆ దిగులు ఆయన్ను లోపల తినేసేది. తను దేవుడికి అక్కర్లేనివాడినని నిజంగానే నమ్మాడు.

ఒకరోజు, పాతసామాన్ల వాడికి ఇచ్చేద్దామని పక్కన పెట్టిన ఫ్లాస్కు కోసం ఒక ముసలమ్మ రొప్పుకుంటూ వచ్చింది.

"లోపమేంటమ్మా?"

"ఒకటా రెండా నాయనా. మూత పట్టి చావదు. వంచితే కారుతుంది. అడుగున సొట్ట. వేడినీళ్లు పోస్తే చిటికెలో చల్లారబెట్టి ఇస్తుంది."

గుమాస్తాకు ఒళ్లు మండింది. "ఈ డొక్కుదాని కోసం ఇంత దూరం వచ్చారా?"

"డొక్కుదైతే ఏం? నాది కదా" అంటూ ఆమె దాన్ని కొంగుతో తుడిచి చంకలో పెట్టుకుంది. లోపల మిగిలిన నీళ్లు జాకెట్టు మీద కారాయి. తిట్టుకుంటూనే ఇంకాస్త గట్టిగా పట్టుకుని వెళ్లిపోయింది.

గుమాస్తా కుర్చీలో చతికిలబడ్డాడు. ఊరందరినీ అడిగే ప్రశ్న తన దాకా వచ్చేసరికి ఇన్నాళ్లూ బుర్రకెక్కలేదు. తన లోపాలన్నీ ఎరిగినవాడు ఒకడున్నాడు కదా, మరి తను ఎవరి సొత్తు?

ఆ సాయంత్రం పిలవకుండానే వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు.

"స్వామీ, నాకు కోపం ఎక్కువ. నోరు మంచిది కాదు. తమ్ముడితో మాట్లాడి ఏడాదైంది..."

"పిసినారితనం చెప్పడం మరిచిపోయారు" అంది భార్య కళ్లు తెరవకుండానే.

"అదీ ఉంది స్వామీ" అన్నాడాయన. "ఇన్ని తెలిసీ నన్ను పారేయలేదంటే, నేను నీవాణ్ణే కదా?"

భార్య కళ్లు తెరిచింది. "నేను మాత్రం పారేశానా?" అని ఆయన చెయ్యి పట్టుకుంది.