లాగు, ఆపు, సరే

ఆవిడ గొంతు గురించి ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. కూరగాయల బండివాణ్ణి మేడ మీదనుంచి పిలిస్తే పక్క వీధిలో పోతున్న బండివాడు కూడా ఆగేవాడు. మైకు మింగి పుట్టిందని అత్తగారు దెప్పేది. ఆ మాట పట్టుకుని వీధి వీధంతా ఆవిడను మైకక్క అనడం మొదలుపెట్టింది. ఆవిడేమీ నొచ్చుకోలేదు. వాళ్లింట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ నోటి చలవే మరి.

అదెలాగంటారా? మొగుడూ పెళ్లాలది దుంగలు లాగే పని. కొండవాలు అడవిలో పడ్డ చెట్లను దారిదాకా తెచ్చి కోతమిల్లు ఆసామికి అప్పగించాలి. వాళ్లకో పాత ట్రాక్టరుంది, దాని వెనక బిగించిన వించ్ ఉంది. వించ్ అంటే మరేం లేదు, పెద్ద దారపుకండెలాంటి ఇనప డ్రమ్ము, దాని చుట్టూ ఉక్కుతాడు. లివరు లాగితే ఇంజను బలంతో తాడు చుట్టుకుంటుంది, చివర కట్టిన దుంగ పొదల్లోంచి ఈడ్చుకుంటూ పైకి వస్తుంది. ఆయన దారి మీద లివరు దగ్గర ఉంటాడు. ఆవిడ తాడు కొస భుజాన వేసుకుని కిందికి దిగి, దుంగకు గొలుసు చుట్టి, కొక్కెం తగిలించి, దూరంగా తప్పుకుని అరుస్తుంది. ‘లాగు’ అంటే లాగాలి, ‘ఆపు’ అంటే ఆపాలి. విన్నానని చెప్పడానికి ఆయన పైనుంచి ‘సరే’ అనాలి. సరే అనకుండా లివరు ముట్టుకోకూడదు. పెళ్లయిన కొత్తలో ఆయనే పెట్టిన కట్టుబాటు ఇది.

ఇంట్లో ‘ఏవండీ, మీరు’ అంటూ ఎంతో మన్నించే మనిషి అడవిలోకి దిగిందంటే మొగుణ్ణి ఇలా అదిలించేది. దుంగ దగ్గర ఉన్నవాళ్లదే పెత్తనం, లివరు దగ్గర ఉన్నవాడు ఒట్టి జీతగాడు అని ఆయన నవ్వేవాడు.

ఆయన్ని అందరూ నిదానం అంటారు. లివరు మీద చెయ్యి వేశాడంటే పసిబిడ్డను నిద్ర లేపుతున్నంత నెమ్మది. దుంగ మోడుకు తగులుకుంటే ఇంజను మూలుగు విని కనిపెట్టేసేవాడు. ఎవరి ట్రాక్టరు మొరాయించినా ముందు ఆయన్ని పిలిచి ఆ చప్పుడు వినిపించేవారు. కళ్లు మూసుకుని వినేవాడు, ఫలానా చోట ఫలానా నట్టు వదులైందనేవాడు. తన చెవులంటే ఆయనకు ఎక్కడలేని గర్వం. చిక్కంతా అక్కడే వచ్చిపడింది.

కిందటేడు వానలు తెరిపిచ్చాక ఒకనాడు ఆవిడ దుంగకు గొలుసు ఇంకా సగమే చుట్టింది. నోరు తెరిచి ఏమీ అనలేదు. పైనుంచి ‘సరే’ అని వినపడింది. నేనేమన్నానని సరే అంటున్నాడీయన అనుకునేలోపే తాడు బిగిసింది. చెయ్యి వెనక్కి లాక్కుంది గానీ ఉంగరపువేలి గోరు నలిగిపోయింది. ‘ఆపు’ అని ప్రాణం పెట్టి అరిచింది. ఆపలేదు. గొలుసు జారి ఊడిపోయి, తాడు ఖాళీగా పైకి వచ్చాక అప్పుడు ఆపాడు.

ఒళ్లు మండిపోయి, కడిగిపారేద్దామని ఆవిడ గబగబా పైకి ఎక్కింది. ఒక తిట్టు తిట్టింది కూడా. ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని, ఈ గాలి హోరులో ఒక్క ముక్క వినపడ్డం లేదే, గట్టిగా చెప్పు అన్నాడు. గాలి లేదు. ఆకు కూడా కదలడం లేదు.

రెండో తిట్టు ఆవిడ నోట్లోనే ఉండిపోయింది. లేని కేక వినపడిందంటే, ఉన్న కేక వినపడలేదంటే, ఈ మనిషికి చెవులు పోతున్నాయి, ఆ సంగతి ఈ మనిషికే తెలియదు. చెబితే లివరు వదిలి దిగిపోతాడు. దిగిపోయి ఏం చేస్తాడు? గడపలో కూర్చుని వచ్చేపోయే బళ్లను చూస్తుంటాడా? అందుకని అబద్ధమాడింది. తన గొంతు పట్టేసిందనీ, ఇక అరవలేననీ, చేతులతో సైగ చేస్తాను, నన్నే చూస్తూ ఉండండనీ చెప్పింది. గోరు సంగతి అడిగితే తలుపు సందులో పడిందంది.

ఆయన నమ్మాడు. నమ్మి ఊరుకుంటే బాగుండేది. పొద్దున్నే ఉప్పు నీళ్లు కాచి పుక్కిలించమని గ్లాసు పట్టుకుని నిలబడేవాడు. మెడకు గుడ్డ చుట్టేవాడు. సీసాలకు సీసాలు తేనె తెచ్చాడు. కనపడ్డవాళ్లందరికీ, మా ఆవిడ గొంతు పోయిందండీ అని బాధగా చెప్పుకున్నాడు. చెవులు తగ్గాక ఆయన మాట బాగా పెద్దదైంది కాబట్టి ఆ బాధ నాలుగు వీధులకూ వినపడేది. ఆవిడేం చెప్పినా ఆయనకు అందేది కాదు, పాపం దీని గొంతు అనుకునేవాడు. మైకక్క కూరగాయల బండివాణ్ణి చప్పట్లు కొట్టి పిలవాల్సొచ్చింది. అంత నోరున్న మనిషి ఏడాదిపాటు నోరు కట్టేసుకుని బతకడమంటే మాటలా?

ఎలాగో నెట్టుకొస్తుండగా కోతమిల్లు ఆసామి కొత్త పని అప్పగించాడు. గాలివానకు పడిపోయిన మానులు లోయలో ఉన్నాయి, తీసుకురమ్మన్నాడు. వెళ్లి చూశారు. దారి మీద నిలబడితే లోయ అడుగు కనపడదు. మధ్యలో బండరాయి కడుపు ముందుకు తోసుకొచ్చి అడ్డంగా ఉంది. సైగలు పనికిరావు. ఫోన్లు అక్కడ పలకవు. నోరొక్కటే దిక్కు. నీ గొంతు బాగుపడితేగానీ నిన్ను ఇందులోకి దించనని ఆయన పట్టుబట్టి ఆవిడను ఆస్పత్రికి లాక్కెళ్లాడు.

డాక్టరమ్మ నోట్లో దీపం వేసి చూసింది, ఆ అనమంది, ఈ అనమంది. ఆయన వైపు తిరిగి, గొంతు బంగారంలా ఉందని తేల్చింది. అదేమిటండీ, ఏడాదినుంచి ఒక్క కేక లేదండీ అని ఆయన వాదన పెట్టుకున్నాడు. డాక్టరమ్మ అటు తిరిగి చేతులు కడుక్కుంటూ, మీరేం పని చేస్తారండీ అని ఆయన్ని అడిగింది. ఆయన గోడ మీది గడియారం చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ అడిగింది. పలకలేదు. డాక్టరమ్మ వెనక్కి తిరిగి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. చెప్పకండి అన్నట్టు మైకక్క కళ్లతోనే బతిమాలింది. డాక్టరమ్మ నిట్టూర్చి, ఆయన మొహంలోకి చూస్తూ గట్టిగా, ఇంటికెళ్లి ఒక్కసారి అరిపించి చూడండి, మీకే తెలుస్తుంది అంది.

నిదానం ఆ మాట వదల్లేదు. ఇంటికి రాగానే పెరట్లో ట్రాక్టరెక్కి లివరు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. ఆవిడను కట్టెల కొట్టు వెనక్కి వెళ్లమన్నాడు. లోయలో ఉన్నాననుకుని ‘లాగు’ అనమన్నాడు.

కొట్టు వెనక నిలబడి ఆవిడ పలకల సందులోంచి మొగుణ్ణి చూసింది. మెల్లిగా అంటే సరిపోతుంది. గొంతు రాలేదనుకుంటాడు, లివరు ఆయనకే ఉంటుంది, లోయ పని పోతుంది, అంతే కదా. కానీ ఇవాళ ఈ లోయ కాకపోతే రేపు ఇంకో లోయ. ఏదో ఒకనాడు ‘ఆపు’ అని అరుస్తూ దుంగ కింద పడిపోతుంది తను. పోనీ తను పోతుంది. తన చేత్తోనే పెళ్లాన్ని చంపానని తెలిశాక ఆయన ఎలా బతుకుతాడు? ఆవిడకు నిజంగా భయం వేసింది. ఏడాదిపాటు బిగబట్టిన ఊపిరంతా కూడగట్టుకుని అరిచింది.

కొట్టు మీది పావురాలన్నీ లేచిపోయాయి. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. దర్జీ మెడలో టేపుతో సహా గోడ దగ్గరికి వచ్చాడు. చేతికి సబ్బునురగతో పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి, మైకక్క నోరు తిరిగొచ్చిందర్రా అని సంబరపడిపోయింది.

ఆయన ఇంకా ఎదురుచూస్తున్నాడు. తల కాస్త వాల్చి, కళ్లు మూసుకుని, ఎప్పట్లాగే. మళ్లీ అరిచింది. కళ్లు తెరిచాడు. గోడ మీద వరసగా ఉన్న తలలను చూశాడు. ఆ తలలన్నీ కట్టెల కొట్టు వైపు తిరిగి ఉన్నాయి. చెయ్యి లివరు మీదనుంచి దానంతటదే జారిపోయింది.

ఆవిడ వచ్చి ఎదురుగా నిలబడేదాకా కదల్లేదు. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని, వంకరగా మొలిచిన ఆ గోరును వేలితో తడిమాడు.

“తలుపు కాదు కదూ ఇది?”

ఆవిడ కాదని తలూపింది. ఆయన ఏడ్చాడు, ఆవిడా ఏడ్చింది. దర్జీ పెద్దమనిషి, మిగతావాళ్లను కూడా లోపలికి తోలుకుపోయాడు.

మర్నాడు ఆయన ట్రాక్టరు బయటికి తీశాడు. పని మానుకుంటున్నామని మిల్లు ఆసామికి చెప్పడానికనుకుంది ఆవిడ. మిల్లు దాటిపోయి లోయ అంచున ఆపాడు. బండి కదలకుండా వెనకనున్న ఇనప పలకను నేలలోకి దించాడు, తాడు వదులు చేశాడు, ఆ కొస తన భుజాన వేసుకున్నాడు.

“ఎక్కు. లివరు దగ్గర చెవులుండాలి, అవి నీకున్నాయి.”

“మరి కింద?”

ఆవిడ పెదవుల వంక చూసి గ్రహించాడు. “కింద నోరు చాలు. నా నోరిప్పుడు నీ నోటిని మించిపోయిందని వీధంతా అంటోందిగా.”

నాకు చేతవుతుందా అని ఆవిడ గొణిగింది. ఇన్నేళ్లు చూసిందేగా, ఆయన జ్వరాన పడ్డప్పుడు రెండు మూడుసార్లు తిప్పిందేగా, అయినా ఎక్కి కూర్చుని లివరును కొంగుతో తుడిచింది. ఆయన చాలా రోజుల తర్వాత నవ్వాడు.

“పైన ఉన్నది జీతగత్తె. చెప్పింది చెయ్యి.”

బండరాయి వెనక మనిషి మరుగైపోయాడు. తాడు జరజరా దిగుతూ దిగుతూ ఆగింది. ఆవిడ లివరు మీద చెయ్యి వేసి చెవులు రిక్కించింది. కింద గొలుసు గలగలలాడింది. కొమ్మలు విరిగాయి. తప్పుకుంటున్న అడుగులు వినపడ్డాయి. తర్వాత లోయ అడుగునుంచి ఆయన కేక పైకి లేచింది.

“లాగు!”

ఆయనకు వినపడదని ఆవిడకు తెలుసు. అయినా గొంతెత్తి, “సరే” అంది. ఆ తర్వాతే లివరు లాగింది.