పుట్ట కింద అతికించిన చీటీ

హోసెఫాను మా ఊరు మరికినాలో వీధివాళ్లందరూ సెపా అక్క అంటారు. వారమంతా బూట్ల కార్ఖానాలో తోలు కోస్తుంది. ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చాక, కార్ఖానా మేడ మీద, ఒక బల్లపై ఒక దేశాన్ని పరుస్తుంది.

ఆ దేశాన్ని తొమ్మిదేళ్లుగా ఆమే కడుతోంది. కొండలు, రేవులు, మూతబడ్డ గనులు, రాజ్యం పోగొట్టుకున్న ఒక రాణి. కథ అక్క చెబుతుంది. అందులో మా మనుషులు ఏం చేస్తారో మేం చెబుతాం. చేసిన పని ఫలించిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఈ ఆటకు అచ్చేసిన పుస్తకాలున్నాయి. అక్క అవన్నీ చదివి సగం పక్కన పెట్టింది. మంచు రాక్షసుడున్న పేజీని "మనకు మంచెక్కడిది?" అని కొట్టేసి, ఆ చోట వరద రాక్షసుణ్ణి రాసుకుంది.

పటం చేసింది బూటు లోపల అడుగున పరిచే అట్టతో. ప్రతి ఊరూ, ప్రతి గుట్టా రెండు పొరలు. మధ్యలో ఆ చోటి రహస్యం రాసిన చీటీ పెట్టి, తేదీ వేసి, జిగురుతో మూసేస్తుంది. ఆ రహస్యం పని అయిపోయాక అందరి ముందూ కత్తితో విప్పుతుంది. ఏదీ అప్పటికప్పుడు కల్పించలేదనడానికి అదే సాక్ష్యం. "నన్ను నమ్మక్కర్లేదు, అట్టను నమ్మండి" అంటుంది.

కిందటేడు వానాకాలంలో రెనాతో చేరాడు. ఆటల దుకాణంలో ఏళ్లపాటు ఆడినవాడు, పుస్తకం కంఠతా వచ్చు. చెల్లెలు లిలెత్‌ను కూడా తెచ్చాడు. వాళ్లిద్దరూ, నేనూ, కార్ఖానాలో పని మానేసిన గోరియో తాతా. అంతే మా బల్ల. వీళ్లు రాకముందు మనుషులు చాలక మూడు నెలలు ఆ పటం గోడకు ఆనుకుని ఉండిపోయింది. ఆ మూడు నెలలు అక్క ఆదివారాలు కూడా తోలు కోసింది.

మొన్న జూలైలో ఆటలో మా గుంపు వెదురు తోపు దాటుతుంటే దారిలో పుట్ట వచ్చింది. పుట్టలో కంటికి కనబడని ముసలాయన ఉంటాడని మా నమ్మకం. అది ఎదురైతే మా వైపు ఎవరైనా చేసేదే తాత చేశాడు. టోపీ తీసి, "అయ్యా, కాస్త జరగండి, పోతున్నాం" అన్నాడు. తీసింది ఆటలో టోపీ కాదు, నెత్తిమీది టోపీయే.

రెనాతో నవ్వాడు. "తాతా, అది అట్టముక్క. నా యోధుడు దాని మీంచి దూకుతాడు."

"దూకాడు," అంది అక్క.

ఆటలో మర్నాటికి యోధుడి కాలు బూటులో పట్టనంత వాచింది. ఏ మంత్రమూ పనిచేయలేదు. మేమంతా గనిలోకి దిగాం. కుంటి యోధుడు బయటే కూర్చున్నాడు. అలా మూడు ఆదివారాలు. నాలుగో ఆదివారం రెనాతో పాచికలు సంచిలోంచి బయటికి తీయలేదు.

"ఈ కాలు వాపు పుస్తకంలో ఎక్కడుందక్కా?"

"పుస్తకంలో లేదు. ఈ దేశంలో ఉంది."

"నేను తాతను చూసి నవ్వానని కక్షతో కల్పించావు. ఒప్పేసుకో, ఆడతాను. లేదంటే నేనూ లిలెత్తూ ఈరోజుతో సరి."

"బెల్లం పాకంలో వేయించిన అరటికాయలు మూడు తిన్నాక గుర్తొచ్చిందా నీకు కోపం?" అన్నాడు తాత.

"కక్షే ఉంటే కాలుతో పోనిస్తానా?" అంది అక్క. "తలకాయ వాచేది."

లిలెత్ నవ్వాపుకుంది. రెనాతో నవ్వలేదు. సంచి భుజాన వేసుకున్నాడు.

అక్క అతన్నీ, పటం మూడు నెలలు ఆనుకున్న గోడనూ ఒకసారి చూసింది. "కాలు నయం కాకుండా చీటీ విప్పితే రహస్యం దండగ. ఇది నాకిష్టమైన రహస్యం కూడా. కానీ మీరిద్దరూ పోతే పుట్టా ఉండదు, దేశమూ ఉండదు. ఇదిగో కత్తి. నువ్వే విప్పు. ఏడేళ్ల కిందట రాశాను, నేను చెప్పినదానికి అక్షరం తేడా ఉండదు."

రెనాతో పుట్టను పటం మీంచి లేపి అంచు కోశాడు. చీటీ మీద తేదీ ఏడేళ్ల కిందటిదే. పైకి చదివాడు.

"'అడక్కుండా దాటినవాడి కాలు వాస్తుంది. మందూ మంత్రమూ పనిచేయవు. తిరిగొచ్చి అడిగితే తగ్గుతుంది.'"

అతని చెవులు ఎర్రబడ్డాయి. అక్క ఇంకో అరటికాయ తీసుకుంది. రెనాతో చీటీ మడవబోతూ వెనక్కి తిప్పాడు. అక్కడ ఇంకో వాక్యం ఉంది.

"'గుంపులో పెద్దవాడు అడిగితే అందరికీ చెల్లు.'"

"తాత అడిగాడు కదా," అంది లిలెత్.

అక్క చేయి తుడుచుకుని చీటీ అందుకుంది. రెండుసార్లు చదివింది.

"అడిగాడు. వెనకవైపు రాసింది మరిచిపోయాను. నీ కాలు వాయాల్సింది కాదు రెనాతో. మూడు వారాల తప్పు నాది." గొంతు తగ్గించలేదు. తోలు అడ్డంగా తెగినప్పుడు కూడా ఆమె అలాగే చెబుతుంది.

రెనాతో సంచి దింపలేదు. "ముందే ఇంట్లో ఒకసారి విప్పి చూసుకుంటే సరిపోయేది కదా. మళ్లీ అతికించేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"అందుకే విప్పను."

అతను సంచి దింపి, కుర్చీలో కూర్చున్నాడు. "అయితే గని మళ్లీ ఆడదామా?"

"ఆడింది చెరపం. మూడు వారాలు గని బయట కూర్చున్నావుగా? అక్కడ నువ్వేం చూశావో చీటీ మీద రాయి. మంచిదైనా, చెడ్డదైనా. మూసేదాకా నేను అటు చూడను. విప్పిన రోజున నాక్కూడా అదే నిజం."

తొమ్మిదేళ్లలో అక్క తప్ప ఆ దేశంలో ఇంకెవరూ ఒక్క మాట రాయలేదు. తాత కూడా అడగడానికి సాహసించలేదు. అక్క రెండు అట్టముక్కలు, జిగురు డబ్బా అతని ముందుకు తోసి, కిటికీ వైపు తిరిగింది. రెనాతో చేయి అడ్డం పెట్టుకుని చాలాసేపు రాశాడు. జిగురు పూసి వెంటనే నొక్కబోయాడు.

"ఆగు," అంది అక్క, తిరక్కుండానే. "రెండు ముక్కలకూ పూసి ఆరనివ్వు. తడి మీద నొక్కితే వారంలో ఊడుతుంది."

అతను ఊదుతూ కూర్చున్నాడు.

"తేదీ వేశావా?" అన్నాడు తాత.

వేయలేదు. రెనాతో జిగురు అంటకుండా రెండు వేళ్లతో చీటీ బయటికి తీసి, తేదీ వేసి, మళ్లీ మధ్యలో పెట్టాడు.