పక్కింటి పిన్ని గొంతు

యాడ్‌ల కోసం నటుల్ని ఎంపిక చేసే ఆఫీసులో నా ఉద్యోగం. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టడం, వరుసగా లోపలికి పంపడం, కెమెరా వెనక నిలబడి రికార్డు చేయడం, వేషం రానివాళ్ళకు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పడం. ఈ చివరి పని వల్ల నా నోరు కాస్త కరుకెక్కింది. ఊరికే ఎవరినీ మెచ్చుకునే మనిషిని కానని ముందే చెప్పేస్తున్నాను.

మా బయటి గదిలో ఒక్క పూట కూర్చుంటే మనుషుల మీద ఉన్న భ్రమలన్నీ వదిలిపోతాయి. ఒక వాక్యం ఇస్తే అదీ కంఠతా రాకుండా వచ్చి, "డైలాగుదేముందండీ, ముందు ఫీల్ రావాలి" అని మనకే పాఠం చెప్పేవాళ్ళు. పక్క కుర్చీలో ఉన్నవాళ్ళతో "వీళ్ళు బాగా సన్నటివాళ్ళను వెతుకుతున్నారట, మీకు చెప్పలేదా?" అని చల్లగా ఒక మాట అనేసి, ఏమీ ఎరగనట్టు మంచినీళ్ళు తాగేవాళ్ళు. టేక్ అయిపోయాక తలుపు పట్టుకుని వేలాడుతూ "ఎలా చేశానండీ? ఇంకోలా చేసి చూపించనా?" అని ప్రాణం తోడేసేవాళ్ళు. ఆలస్యంగా వచ్చేవాళ్ళ గురించి చెప్పడం మానేశాను, చెప్పి చెప్పి నాకే విసుగు పుట్టింది.

పిన్ని వాళ్ళలో కలిసే మనిషి కాదు. నాకు చుట్టం కాదు గానీ, యాడ్‌లలో ఎప్పుడూ పక్కింటావిడ వేషమే వస్తుంది గనక అందరం ఆవిడను పక్కింటి పిన్ని అంటాం. సబ్బు యాడ్‌లో గోడ మీదుగా తెల్లచొక్కా చూసి నోరు వెళ్ళబెట్టేది ఆవిడే. ఫ్యాన్ యాడ్‌లో జుట్టంతా ఎగిరి మొహం మీద పడేదీ ఆవిడకే. తాళం యాడ్‌లో దొంగను చూసి గుండె మీద చెయ్యి వేసుకుంటుంది. అన్నింట్లోనూ ఉంటుంది, ఎక్కడా ఒక్క మాట మాట్లాడదు.

పిలిచిన టైముకి కాస్త ముందే వస్తుంది. అలాగని మేము ఊడ్చుకుంటున్నప్పుడే వచ్చి కాళ్ళకు అడ్డం పడదు. ఇస్త్రీ చేసిన సాదా చీర, చప్పుడు చేయని చెప్పులు. ఫోన్ ఆపేసి సంచిలో వేసి, కాగితం పట్టుకుని గోడవైపు తిరిగి పెదవులు కదుపుతూ కూర్చుంటుంది. పిలవగానే లోపలికెళ్ళి, నేల మీద టేపు అంటించిన చోట నిలబడి, పేరు చెప్పి, కుడికీ ఎడమకీ తిరిగి, చేతులు ముందూ వెనకా చూపించి, చెప్పినది చెప్పినట్టు చేసి, "ఉంటానండీ" అని వచ్చేస్తుంది. బయట వరుసలో ఉన్నవాళ్ళు ఆత్రంగా చూస్తే, "ఏసీ చల్లగా ఉంది, కొంగు కప్పుకోండి" అంటుంది. అంతకు మించి ఒక్క ముక్క రాలదు.

ఒకసారి బట్టల పౌడరు యాడ్‌కి దాదాపు ఖాయమైంది. అప్పుడు తనే నోరు విప్పి, "నేను చేసిన ఆ సబ్బు యాడ్ ఇంకా వస్తోందండీ, మీకు ఇబ్బందేమో" అంది. అది ఏదో చిన్న కంపెనీ, ఎవరూ గుర్తుపట్టేవాళ్ళు కాదు. కానీ ఒకే రకం సరుకు అమ్మే రెండు కంపెనీల యాడ్‌లలో ఒకే మొహం కనబడకూడదన్నది నియమం, వేషం పోయింది. చెప్పకపోతే ఏం పోయిందని నేను కేకలేస్తే, "తర్వాత తెలిస్తే నిన్ను కదమ్మాయ్ అడిగేది" అంది.

అలాంటి మనిషి నన్ను అడిగింది ఒకే ఒక్క కోరిక. వాన తగ్గేదాకా ఇద్దరం మెట్ల మీద నిలబడి ఉన్నప్పుడు, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, "మాట ఉన్న వేషం ఏదైనా వస్తే నన్ను గుర్తుంచుకుంటావా? ఒక్క మాటైనా చాలు" అంది.

"ఏం, నోరు వెళ్ళబెట్టి వెళ్ళబెట్టి విసుగొచ్చిందా?" అన్నాను.

"మా అత్తయ్య కోసం" అంది.

పిన్నిని ఈ దారి పట్టించింది వాళ్ళ అత్తగారేనట. కొత్తకోడలుగా వచ్చిన రోజుల్లో, వీధిలోవాళ్ళు ఎవరెలా మాట్లాడతారో వంటింట్లో చేసి చూపిస్తుంటే ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వేవారట. పిల్లలు పెద్దయ్యాక, "ఇంట్లో మమ్మల్ని నవ్వించింది చాలు, వెళ్ళి ఊరందరికీ చేసి చూపించు" అని తనే గుమ్మం దాటించారట. తీరా పిన్ని టీవీలో కనబడే రోజులు వచ్చేసరికి పెద్దావిడ చూపు పూర్తిగా పోయింది. ఎవరో ఒకరు "అదిగో, వచ్చింది" అంటారు. "ఏమంటోంది?" అని ఆవిడ అడుగుతారు. ఏమీ అనడం లేదని చెప్పాలి. "ఇంట్లో నోరు మూయదు, టీవీలో నోరు విప్పదు. ఇదేం చోద్యమే!" అని అత్తగారు నవ్వేవారట. ఈ మధ్య ఆవిడకు చెవి కూడా మందగిస్తోంది. ఇంకెన్నాళ్ళు వినబడుతుందో చెప్పలేమని డాక్టరు అన్నాడట.

"వినబడుతుండగానే ఒక్కసారి వినిపిస్తే చాలమ్మాయ్" అంది పిన్ని. చెప్పేటప్పుడు వానవైపు చూసిందే గానీ నావైపు చూడలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు హ్యాండ్‌బ్యాగ్ యాడ్ వచ్చింది. ఒకావిడ బ్యాగ్ తగిలించుకుని పనికి బయల్దేరుతుంది. లోపలినుంచి అత్తగారి గొంతు, "తాళాలు పెట్టుకున్నావా?" అంటుంది. "ఆఁ." "గొడుగు?" "ఆఁ." "కళ్ళజోడు?" "ఆఁ." చివరికి, "మరి ఏమైనా తిన్నావా?" ఆవిడ గేటు దగ్గర ఆగి, బ్యాగ్‌లోంచి టిఫిన్ డబ్బా తీసి, "అక్కడికెళ్ళి తింటానత్తయ్యా, తలుపు వేసుకోండి" అంటుంది. అత్తగారు తెర మీద కనబడదు. ఆ గొంతు తర్వాత డబ్బింగ్ ఆర్టిస్టు చేత చెప్పిస్తారు.

కాగితం చదవగానే ఇది పిన్ని కోసమే పుట్టిన వేషం అనుకున్నాను. ఫోన్లో చదివి వినిపించాను. "మా ఇంట్లో రోజూ జరిగేదే ఇది" అంది.

ఆడిషన్ బ్రహ్మాండంగా చేసింది. డైరెక్టరు కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాడు. ఆ మనిషి అలా కూర్చోవడం నేను అరుదుగా చూశాను. కానీ ఇంకా వరుసలో చాలామంది ఉన్నారు. ఎదుటివాళ్ళకు డైలాగు అందించే మా కుర్రాడికి గొంతు పట్టేసి, "తాళాలు" అంటే పిల్లి అరిచినట్టుంది. డైరెక్టరు విసుక్కుని, వెళ్ళబోతున్న పిన్నిని ఆపాడు.

"ఏమండీ, మిగతావాళ్ళకు మీరు కాస్త అత్తగారి మాటలు చదివి పెడతారా?"

నాకు ఒళ్ళు మండింది. తన వేషానికి పోటీ వచ్చినవాళ్ళకే అందించమని తననే అడగడమా! పిన్ని మాత్రం సంచి పక్కన పెట్టి కెమెరా పక్కన నిలబడింది.

ఇలాంటప్పుడు జనం ఏం చేస్తారో నాకు తెలుసు. కాగితంలోంచి తలెత్తకుండా గొణుగుతారు, ఎదుటివాళ్ళు ఊపిరి తీసుకునేలోగా తర్వాతి మాట అనేస్తారు. చూసేవాళ్ళకు తప్పు పట్టడానికీ దొరకదు. పిన్ని ఒక్కొక్కరికీ కొత్తగా, నిజంగా ఆ మనిషే గుమ్మం దాటుతున్నట్టు అడిగింది. గొంతులో కాస్త వణుకు, కాస్త అధికారం. ‘తిన్నావా’ దగ్గరికొచ్చేసరికి ఆ అధికారమంతా కరిగిపోయేది.

చివర్లో ఒకప్పటి హీరోయిన్ వచ్చింది. చాలాకాలం తర్వాత కెమెరా ముందుకు రావడం, పాపం, బ్యాగ్ ఏ భుజానికి తగిలించుకోవాలో కూడా తోచలేదు. గేటు దగ్గర ఆగి, చెప్పాల్సిన మాట మరిచిపోయింది. డైరెక్టరు నోరు తెరవబోతున్నాడు. ఈలోగా పిన్ని, "ఏమే, వినబడిందా? నిన్నే, ఏమైనా తిన్నావా అంటున్నా" అని మళ్ళీ అడిగింది, అదీ రాసిపెట్టి ఉన్న మాటే అన్నట్టు. హీరోయిన్‌గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డబ్బా తీసి చూపించి ఆ వాక్యం చెప్పింది.

వేషం హీరోయిన్‌గారికే ఇచ్చారు.

ఫోన్ చేయాల్సింది నేనే. "సరేనమ్మాయ్, ఫోన్ చేసి చెప్పావు, మంచిదయింది" అంది పిన్ని ఎప్పటిలాగే. నేనే ఉండబట్టలేక, "నోటిదాకా వచ్చినదాన్ని తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టారు. మీ అత్తగారికి వినిపించాలన్న సంగతి గుర్తు రాలేదా?" అన్నాను.

"వచ్చింది" అంది. "ఆ అమ్మాయి నా మొహంకేసి చూస్తోంది. ఎలా ఊరుకోను?" అంది. నేను ఫోన్ పెట్టేసి, వేషం రాని తర్వాతి మనిషి నంబరు నొక్కాను.

షూటింగ్ అయింది. డబ్బింగ్‌కి పేరున్నవాళ్ళను పిలిపించారు. ఒక గొంతు మరీ ముద్దుగా ఉంది, ఇంకొకటి కోర్టులో ప్రశ్నలడుగుతున్నట్టుంది. ఏదీ అతకలేదు. "ఆడిషన్ రోజు చదివినావిడ ఎవరు? ఆ గొంతుకే కదా మన హీరోయిన్ ఏడ్చింది! ఆవిణ్ణే పిలవండి" అన్నాడు డైరెక్టరు. ఆ ఫోన్ చేసిందీ నేనే. పిన్ని మర్నాడే వచ్చి అత్తగారి మాటలు చెప్పి వెళ్ళింది.

యాడ్ వచ్చేదాకా బయట చెప్పకూడదన్నది మా పద్ధతి. పిన్ని ఇంట్లో కూడా చెప్పలేదు. మొదటిసారి వచ్చే సాయంత్రం నన్ను రమ్మంది. చిన్న ముందుగది. టీవీకి దగ్గరగా పెద్దావిడ కుర్చీ, ఆవిడ దాన్ని మరీ ముందుకు జరుపుకోకుండా కుర్చీ కాళ్ళ దగ్గర ఒక పీట అడ్డం. పెద్దావిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా చెయ్యి తడిమి చూశారు. "నువ్వేనా మా కోడలి చేత నోరు వెళ్ళబెట్టించేది?" అన్నారు. పిన్ని టీవీ సౌండు పెంచి, వంటింటి గుమ్మం దగ్గరికెళ్ళి నిలబడింది.

"తాళాలు పెట్టుకున్నావా?" అంది టీవీ.

పెద్దావిడ చెయ్యి నా చేతిలో ఆగిపోయింది. "ఏమే! వంటింట్లో కదూ ఉన్నావు?"

"ఇక్కడే ఉన్నానత్తయ్యా."

"గొడుగు?" అంది టీవీలో పిన్ని గొంతు. "కళ్ళజోడు?"

"ఓసినీ, నా మాటలు నాకే అప్పజెబుతున్నావా!" అని ఆవిడ పకపకా నవ్వారు, కళ్ళ వెంబడి నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా. ఇంకా వినాలని ముందుకు వంగారు.

"మరి ఏమైనా తిన్నావా?"

ఆవిడ నవ్వు ఆపి, టీవీవైపు తిరిగి, "నేను తిన్నాను తల్లీ" అన్నారు. "పొద్దున్నుంచీ నువ్వే ఏమీ తినలేదు."