గోల్‌కీపర్ పెళ్లిచూపుల్లో నా నీలం ఫైలు

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. మా యూనివర్సిటీ ఐస్ హాకీ జట్టు పోయిన సీజన్‌లో వరసబెట్టి ఓడిపోయింది. అందుకు కారణం కోచ్ కాదు, ఆటగాళ్లు కాదు, మంచు మెత్తబడటమూ కాదు. నేను. జీవితంలో స్కేట్లు తొడుక్కోని, బర్గర్ షాపులో 'ఉల్లిపాయ వద్దు' అని చెప్పలేక ఒక్కో ముక్కా ఏరి పక్కన పెట్టి తినే నేను. ఒక్క డిన్నర్‌లో, ఒక్కసారి నోరు తెరిచి, ఒక జట్టును నిలువునా ముంచేశాను. ఎలా ముంచానో వినండి. సిగ్గుపడుతూ చెబుతానని మాత్రం అనుకోకండి.

నేను ఇక్కడ ఎం.ఎస్. చదువుతున్నాను. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు క్యాంపస్‌లోనే పనిచేయాలి, అదీ వారానికి ఇరవై గంటలే. నేను కోరుకున్నది లైబ్రరీ ఉద్యోగం. దానికి చాంతాడంత క్యూ ఉంది. దొరికింది హాకీ ఆఫీసు. ఇంటర్వ్యూలో కోచ్ మూడు ప్రశ్నలు అడిగాడు. మూడింటికీ తలూపాను. "ఇక్కడ అందరూ మాట్లాడేవాళ్లే. నాకు కావలసింది నువ్వే," అని ఉద్యోగం ఇచ్చేశాడు. నా గది అద్దె, బియ్యం, ఊరగాయ సీసా, అన్నీ ఆ జీతం మీదే.

ఒకప్పుడు ఇక్కడ కాలేజీ ఆటగాడు ఆట పేరు చెప్పి ఎవరి దగ్గరా పైసా తీసుకోకూడదట. ఇప్పుడు రూల్ మారింది. తన పేరు, ముఖం యాడ్‌కి ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు. దాంతో కోచ్‌లకి ఆట నేర్పడం కన్నా సంబంధాలు కుదర్చడం పెద్ద పనైంది. బాగా ఆడే కుర్రాడు తల్లిని వెంటబెట్టుకుని కాలేజీ చూడటానికి వస్తాడు. ఇల్లూ వాకిలీ చూపించినట్టు లాకర్ రూము చూపిస్తారు. మంచి భోజనం పెడతారు. 'అవతలి కాలేజీ వాళ్లు ఎంత ఇస్తామన్నారు?' అని మెల్లగా కూపీ లాగుతారు. అచ్చం పెళ్లిచూపులే. పాట పాడమనడం ఒక్కటే తక్కువ.

ఇక నా ఫైలు. మనవాళ్లకి దాని గురించి వేరే చెప్పాలా? జిప్పున్న నీలం ప్లాస్టిక్ ఫైలు, వీసా ఇంటర్వ్యూకి వెళ్తుంటే నాన్న కొనిచ్చింది. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం, బ్యాంకు లెటరు, టీకాల సర్టిఫికెట్, పదో తరగతి మార్కుల మెమో, దాని జిరాక్సులు అన్నీ అందులోనే. వీసా ఆఫీసరు వాటిలో ఒక్కటీ అడగలేదు. అయినా నాన్న ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట: "లెటర్‌హెడ్ ఉన్న కాగితం ఏదీ పారెయ్యకమ్మా. ఎప్పుడేది అడుగుతారో!" అందుకే యూనివర్సిటీ ముద్ర కనబడితే చాలు, నా చెయ్యి దానంతటదే ఆ కాగితాన్ని ఫైల్లోకి తోస్తుంది. ఆ వారం కోచ్ ఏదో రెండు కాపీలు ప్రింట్ తీయమన్నాడు. ప్రింటర్ మూడు ఇచ్చింది. మూడోది ఎక్కడికి చేరిందో మీరు ఊహించగలరు. నేను చదవలేదు, ఒట్టు. కథ లేనివి నేను చదవను.

ఆ శుక్రవారమే కెనడా నుంచి ఈథన్ అనే గోల్‌కీపర్, వాళ్లమ్మ కారొల్ వచ్చారు. కోచ్ నన్ను పిలిచాడు.

"సాయంత్రం డిన్నర్‌కి నువ్వూ రా. ఆ కుర్రాడూ నీలాగే స్టూడెంట్ వీసా మీద రావాలి. వాళ్లమ్మకి దాని గురించి బెంగ. అడిగితే ఈజీ అని చెప్పి నవ్వు. అంతే."

ఇంటికొచ్చి రూమ్మేట్ శిరీషకి చెప్పాను. అది వరంగల్ పిల్ల.

"నువ్వా? పిజ్జా ఆర్డర్ చెయ్యమంటే ఫోన్ నా చెవుల పెడ్తవ్. నువ్వు ప్లేయర్స్‌ని రిక్రూట్ చేస్తవా?"

"మాట్లాడక్కర్లేదే. నవ్వితే చాలట."

"గా నవ్వుడు గూడ నీకు రాదు గదనే. పో, అద్దంల ప్రాక్టీస్ చెయ్."

చేశాను. అద్దానికే భయమేసింది.

డిన్నర్‌లో ఈథన్ నాకు ఎదురుగా కూర్చున్నాడు. ఆరున్నర అడుగుల మనిషి, నీళ్లు కావాలని అడగలేక ఖాళీ గ్లాసు వంక చూస్తున్నాడు. నాకన్నా సిగ్గరిని నేను చూడటం అదే మొదలు. (వాళ్లు మాట్లాడింది ఇంగ్లిష్‌లోనే. నా డైరీలోకి దిగేసరికి అందరూ కాస్త మనవాళ్లయిపోయారు.)

"ఇక్కడ మనదంతా ఒకే కుటుంబం," అన్నాడు కోచ్, సూప్ దగ్గర. మాంసం ముక్కలు వచ్చాక మళ్లీ అన్నాడు, "మనదంతా ఒకే కుటుంబం కారొల్. ఊళ్లో కార్ల షోరూము వాళ్లు ఈథన్ ఫొటో హోర్డింగ్ మీద పెడతారు. నెలనెలా డబ్బు. అంతా ఖాయమైనట్టే."

"స్టూడెంట్ వీసా మీద ఆ డబ్బు తీసుకోవచ్చా?" అంది కారొల్.

"అది చాలా చిన్న విషయం. మా అమ్మాయిని అడగండి."

అందరూ నా వైపు చూశారు. నవ్వాను. కారొల్‌కి అది చాలలేదు.

"నువ్వైతే తీసుకుంటావా?" అని అడిగింది.

అయ్యా, అదీ ప్రశ్న! వీసా మీద ఉన్న ఏ తెలుగు స్టూడెంట్‌నైనా నిద్రలో తట్టి అడగండి. అన్నం వండటం రాకపోయినా ఈ పాఠం మాత్రం గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు.

"తీసుకోను," అన్నాను. ఆ తర్వాత ఆనకట్ట తెగింది. "అది అనుమతి లేని పని కిందికి రావచ్చు. వీసా పోవచ్చు. మళ్లీ ఈ దేశంలోకి రానివ్వకపోవచ్చు. అప్పుడు చదువూ పోతుంది, ఆటా పోతుంది. ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి. వీసా లాయర్‌ని అడగండి. చెప్పింది ఈమెయిల్‌లో రాసిమ్మనండి. నోటిమాట నమ్మకండి."

ఆ ఆఫీసులో చేరినప్పటి నుంచి నేను మాట్లాడిన మాటలన్నీ కూడినా అన్ని ఉండవు. కోచ్ ఫోర్కు గాల్లోనే ఆగిపోయింది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. ఒక్క నిజమాడి పెళ్లి చెడగొట్టేవాళ్ల గురించి వాళ్లేమీ అనలేదు కాబట్టి నాకేమీ తప్పనిపించలేదు.

తప్పు ఆ తర్వాత జరిగింది.

"ఏయే కాగితాలు ఉండాలి?" అంటూ కారొల్ పెన్ను తీసింది. అప్పటికి నా మాటల కోటా అయిపోయింది. మాట లేకపోతేనేం, ఫైలుందిగా! సంచిలోంచి తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

"ఇలా పెట్టుకోవాలి. అన్నీ. పదో తరగతి మార్కులతో సహా."

ఆవిడ ఒక్కో కాగితం తిప్పింది.

"ఇదేంటి?"

"పదో తరగతి మెమో."

"ఇది?"

"దాని జిరాక్స్."

"ఇది?"

"ఆ జిరాక్స్‌కి జిరాక్స్."

"మరి ఇది?"

అది నాకు తెలియదు. మెడ చాచి చూశాను. యూనివర్సిటీ ముద్ర ఉంది. కింద కోచ్ పేరు ఉంది. ప్రింటర్ ఇచ్చిన ఆ మూడో కాపీ! కారొల్ పై నుంచి కింది దాకా చదువుతోంది. అదేం కాగితమో తెలియని కోచ్ గ్లాసు పైకెత్తాడు.

"ఏదేమైనా ఈథన్, మనదంతా ఒకే కుటుంబం!"

"మూడోసారి," అంది కారొల్ తలెత్తకుండా.

"ఏంటండీ?"

"మూడుసార్లు అనాలని రాసుకున్నారుగా, అయిపోయింది. ఇక భోంచేయండి." ఆ తర్వాత కాగితం కాస్త దూరంగా పట్టుకుని బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ వినేలా చదివింది: "'ఈథన్ మన రెండో ఎంపిక. మొదటివాడు రాకపోతేనే ఇతను. షోరూము వాళ్లు ఇంకా ఒప్పుకోలేదు, తల్లికి చెప్పొద్దు. తల్లి గట్టిది. ఒకే కుటుంబం అని కనీసం మూడుసార్లు అనాలి.'"

కోచ్ నా వైపు చూసిన చూపు, కొన్న ఐస్‌క్రీమ్ మొదటి నాకుడుకే రోడ్డు మీద పడిపోయిన పిల్లవాడి చూపు. ఈథన్ ఆ సాయంత్రం మొదటిసారి నోరు విప్పాడు: "అమ్మా, వెళ్దామా?" వెళ్తూ నా పక్కన ఆగి "థాంక్స్" అన్నాడు. ఎంత మెల్లగా అంటే, సాటి సిగ్గరికి తప్ప ఇంకెవరికీ వినబడదు.

సోమవారం కోచ్ నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"అది నీ ఫైల్లోకి ఎలా వచ్చింది?"

"ముద్ర ఉన్న కాగితం నేను పారేయను, కోచ్."

"సారీ కూడా చెప్పవా?"

నిజానికి సారీని కూడా అద్దంలో ప్రాక్టీసు చేసి వెళ్లాను. ఉద్యోగం పోతే అద్దె ఎలా కట్టాలో ఆ రెండు రోజులూ ఆలోచించి ఆలోచించి అన్నం సహించలేదు. కానీ తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"కాగితం చూపించినందుకు సారీ. చెప్పినదానికి కాదు."

"నా సీజన్ పోయింది, తెలుసా?"

"అతని వీసా పోయేది, కోచ్."

ఆయన నన్ను తీసేయవచ్చు. తీసేస్తే కారణం రాయాలి. రాస్తే అది కాగితమవుతుంది. కాగితమైతే నా ఫైల్లోకి వస్తుంది. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. అందుకని ఆఫీసులోంచి లాండ్రీ గదికి మార్చాడు. హాకీ గ్లవ్స్ వాసన ఎలా ఉంటుందంటారా? ఎండుచేపల బుట్టలో తడి సాక్సులు వారం రోజులు నానబెట్టినట్టుంటుంది. ఇంట్లో మాత్రం "ప్రమోషన్" అని చెప్పాను.

ఆ మొదటి ఎంపికవాడు ఇంకెవరో ఎక్కువిస్తామంటే అటు పోయాడు. మాకు మిగిలినవాడి చేతుల్లోంచి గోల్స్ ధారగా కారాయి. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని శిరీష మొత్తుకునేది, "ఎవడే వీడు, జల్లెడ లెక్క ఉన్నడు! మంచి గోల్‌కీపర్‌ని తేనీకి ఏమైంది మీ కోచ్‌కి?" నేను పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూడటంలో మునిగిపోయేదాన్ని.

మొన్న జనవరిలో ఈథన్ చేరిన కాలేజీ మా ఊరికే ఆడటానికి వచ్చింది. అతను ఒక్క గోల్ కూడా పోనివ్వలేదు. మావాళ్లు ఓడిపోతుంటే చప్పట్లు కొట్టకుండా ఉండటానికి చేతులు రెండూ కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆట అయ్యాక తడి జెర్సీల బండి తోసుకెళ్తుంటే కారిడార్‌లో కారొల్ ఎదురైంది. ఒప్పందం లాయర్‌కి చూపించి ప్రతి షరతూ రాయించుకున్నామనీ, ఈ దేశంలో పని చేసినట్టు కాకుండా యాడ్ షూటింగ్ సెలవుల్లో కెనడాలోనే చేశారనీ చెప్పింది.

"నీకేమైంది?" అని బండి వంక చూసింది.

చెప్పాను. చెప్పి, ఉతకని గ్లవ్ మీద చెయ్యి వేసి ఆవిడ ఎదుటే ప్రమాణం చేశాను. సూర్యచంద్రులూ, రెండు వాషింగ్ మెషీన్లూ సాక్షిగా, ఇక ఏ గోల్‌కీపర్ పెళ్లిచూపుల్లోనూ నా ఫైలు విప్పను. నోరు మాత్రం ఈ ప్రమాణంలోకి రాదు.

ఆవిడ నవ్వలేదు. భుజాన ఉన్న సంచి తెరిచి జిప్పున్న ఫైలొకటి బయటికి తీసింది. నీలం రంగుదే. మొహం సీరియస్‌గా పెట్టి నన్ను నిలదీసింది.

"నువ్వు చెప్పావని వాడి పదో తరగతి మార్కులు కూడా పెట్టాను, రెండు జిరాక్సులతో. ఇంతవరకూ ఒక్కరూ అడగలేదేం, అమ్మాయ్?"