ఓడ మీద తువ్వాల బేరం

ఆ రోజుల్లో ఇంగ్లీషు రావడమంటే తడుముకోకుండా మాట్లాడడం కాదు, తడుముకుంటున్న సంగతి ఇంట్లోవాళ్లకు తెలియకుండా మాట్లాడడం. ఆ విద్యలో నేను ఆరితేరినవాణ్ణి. హసన్‌పర్తి దగ్గరి కాలేజీలో డిగ్రీ ముగించి, హన్మకొండలో ఒక ప్రైవేటు ఆఫీసులో కొత్తగా చేరాను. ఆదివారం కూరగాయలకు వెళ్లేటప్పుడు కూడా మెడలో ఐడీ కార్డు తగిలించుకునే వయసది. (కార్డు మీది ఫోటో నాదేనని నేను చెబితే తప్ప ఎవరూ నమ్మేవారు కాదు, అది వేరే సంగతి.) దవాఖాన నుంచి మందుల చీటీ వచ్చినా, కొత్త మిక్సీ డబ్బాలో కాగితం దొరికినా చుట్టాలందరూ నన్నే పిలిచేవారు. నేను కాసేపు నుదురు ముడిచి చదివి, అర్థమైన దానికి కొంత సొంతం కలిపి చెప్పేవాణ్ణి. అలా సంపాదించుకున్న పేరే నన్ను ఒకసారి సముద్రం మీదికి పంపింది.

మా పెద్దబాపుకు, అంటే మా నాన్న అన్నకు, ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి ఉండేది. రైతు తెచ్చిన బస్తాలు దించుకోవడం, మంచి ధర పలికించి అమ్మిపెట్టడం, కమీషన్ తీసుకోవడం ఆయన పని. దానికి తోడు రోడ్డు మీద చిన్న పురుగుమందుల దుకాణం. ఆ యేడు పత్తికి పురుగు దండిగా పట్టి రైతులు ఏడ్చారు గానీ మందు మాత్రం బాగా అమ్ముడుపోయింది. సంతోషించిన కంపెనీవాళ్లు మా జిల్లా డీలర్లందరినీ సింగపూరు తీసుకెళ్లి, అక్కడ పెద్ద ఓడ ఎక్కిస్తామన్నారు. (పంటకు పురుగు పడితే డీలరుకు ఓడ ప్రయాణం ఎందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.) ఒక్కొక్కరికి ఇద్దరి చొప్పున టికెట్లు. నీళ్ల మీద పడుకుంటే తనకు నిద్ర పట్టదని పెద్దమ్మ తేల్చి చెప్పేసింది. ఇంగ్లీషు వచ్చినవాడు వెంట ఉంటే మంచిదని ఆ టికెట్టు నాకిచ్చారు. నేను ఆఫీసులో సెలవు అడిగేటప్పుడు ‘క్రూజ్’ అనే మాటను అవసరానికి మించి ఎన్నోసార్లు వాడాను.

పెద్దబాపు మనసు మాత్రం షికారు మీద లేదు. మిర్చి ఘాటుకు ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయని, ఇక యార్డు మొహం చూడొద్దని డాక్టరు అప్పటికే ఖండితంగా చెప్పాడు. ఆ ఉగాదికి అడ్తి మూసేయాలని నిర్ణయమైపోయింది. తన దగ్గర బస్తాలు మోసే హమాలీలకు, తాలు కాయలు ఏరే ఆడవాళ్లకు, తూకం వేసే కాంటా చాచాకు వెళ్లేముందు ఏదైనా ఇవ్వాలన్నదే ఆయన ధ్యాస. ఏమివ్వాలో కూడా ఆయనే ఆలోచించుకున్నాడు. “పైసలిస్తే కర్సైతయ్ బిడ్డా, బట్టలు పెడితే చినుగుతయ్. చేతికి ఉండేదియ్యాలె. టైము సూసినప్పుడల్లా నేను యాదికి రావాలె” అన్నాడు. వరంగల్ చౌరస్తాలో గడియారాల దుకాణాలన్నీ తిరిగి చూశాడు గానీ అంతమందికి కొనాలంటే ఏ దుకాణంలోనూ ధర కుదరలేదు. ఓడ మీద గడియారాలు అగ్గువకు దొరుకుతాయని ఎవరో డీలరు చెప్పడంతో ఆయన ప్రయాణానికి ఒప్పుకున్నాడు. అంటే మేం షికారుకని చెప్పి బజారుకు బయలుదేరామన్నమాట.

ఓడ మీద మా వరంగల్ జట్టును గుర్తుపట్టడం చాలా తేలిక. బల్లల మీద పరదేశపు పండ్లు, రొట్టెలు, పేరు తెలియని వంటకాలు బారులు తీరి ఉండగా, మావాళ్లు పళ్లెంలో తెల్లన్నం పెట్టుకుని సంచుల్లోంచి తొక్కు సీసాలు తీసేవారు. పెద్దబాపు తెల్లధోవతి, భుజం మీద తువ్వాలతో ఈతకొలను పక్క కుర్చీలో కూర్చుని అడ్తిలో కూర్చున్నట్టే వచ్చేపోయేవాళ్లను చూసేవాడు. నేను కొత్త తెల్లబూట్లు వేసుకుని రెయిలింగు పట్టుకుని దూరంగా చూస్తూ ఫోటోలు దిగాను. ఆ ఫోటోలు చూస్తే సముద్రాన్ని నేనే కనిపెట్టాననుకోవాలి. (ఆ బూట్లు కరిచి మడమలు పుండ్లు పడ్డాయని ఫోటోల్లో కనిపించదు.)

చివరి రోజు సాయంత్రం మైకులో ఏదో చెప్పారు. నాకు ‘వాచెస్’ అన్న ఒక్క మాటే అర్థమైంది, కానీ మా పనికి అది సరిపోయింది. పై అంతస్తులో పొడవాటి బల్లలు వేసి గడియారాలు కుప్పలు పోశారు. జనం మేడారం జాతరలో బెల్లం కోసం ఎగబడ్డట్టు ఎగబడ్డారు. పెద్దబాపు తొందరపడలేదు. మిర్చిని చేతిలోకి తీసుకుని విరిచి చూసినట్టే ఒక్కో గడియారాన్ని తీసి బరువు చూసి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మంచి నల్లపట్టీ రకం ఒకటి నచ్చింది. చీటీ మీది ధర నేను చదివి చెప్పాక మనసులోనే లెక్క వేసుకున్నాడు. మా దగ్గరున్న పరదేశపు డబ్బు సగం మందికే వస్తుంది. సగం మందికి కొని మిగతావాళ్లకు ఊళ్లో చూద్దామని నేనంటే ఆయన వినలేదు. “ఇస్తే అందరికీ ఒక్కతీరుగ ఇయ్యాలె. లేకుంటె ఎవ్వరికొద్దు. ఒకనికి మంచిది, ఒకనికి వేరేది ఇస్తే, పోయేటప్పుడు గూడ సేటు తేడా సూపెట్టిండంటరు” అన్నాడు. ఇక మిగిలింది బేరమే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా పెద్దబాపు తరం వ్యాపారులు బేరాన్ని నోటితో చేసేవారు కాదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలుపుకుని పైన తువ్వాల కప్పుకుంటారు. లోపల ఒకరి వేళ్లు ఒకరు పట్టి నొక్కుతూ ధర చెప్పుకుంటారు. పక్కవాడికి ఒక్క ముక్క తెలియదు, బేరం తప్పిపోయినా ఇద్దరి పరువూ దక్కుతుంది. యార్డులో వేలంపాటలు, చీటీలు వచ్చాక కూడా తెలిసినవాళ్ల మధ్య ఆయన ఈ పద్ధతి వదల్లేదు. అంతమంది ముందు పైకి ధర తగ్గించి అడిగితే అమ్మేవాణ్ణి అవమానించినట్టేనని ఆయన నమ్మకం. అందుకే, నేను పక్క బల్ల మీద నాకోసం ఒక బంగారు రంగు గడియారం చూసుకుంటుండగా, ఆయన బల్ల వెనక నిలబడి అమ్ముతున్న, మెడకు బో టై కట్టిన మనిషి దగ్గరికి మర్యాదగా వెళ్లి, “తమ్మీ, జర చెయ్యియ్యి” అని చేయి చాపాడు. అతను షేక్‌హ్యాండ్ అనుకుని నవ్వుతూ చేయి ఇచ్చాడు. పెద్దబాపు భుజం మీది తువ్వాల తీసి ఆ చేతుల మీద కప్పాడు. కప్పి, అతని వేళ్లు ఒక్కొక్కటీ పట్టి నొక్కడం మొదలుపెట్టాడు.

అతని మొహంలో నవ్వు మెల్లగా వెళ్లిపోవడం నేను చూశాను. చేయి లాక్కోబోయాడు. పెద్దబాపు దాన్ని ‘ఈ ధరకు కుదరదు’ అన్న సంకేతమనుకుని ఇంకాస్త గట్టిగా పట్టుకుని మరో వేలు కలిపాడు. అతను కేకేశాడు. తెల్లబట్టల కాపలావాళ్లు ఇద్దరు వచ్చేశారు. జనం వెనక్కి జరిగి గుండ్రంగా నిలబడ్డారు. మా జట్టులో కొందరు అప్పుడే సముద్రం వైపు తిరిగి సూర్యాస్తమయం చూడసాగారు. పెద్దబాపు మాత్రం తువ్వాల తీయకుండా, “సూస్తవేందిరా, జర చెప్పు వాళ్లకు, బేరం నడుస్తాందని” అన్నాడు. నా ఇంగ్లీషు కోసం మా చుట్టాలంతా ఎదురుచూసిన ఘడియ అది. నేను గొంతు సవరించుకుని, మా ఊళ్లో ధర తువ్వాల లోపల ఉంటుందని చెప్పాను. కాపలావాళ్లు వెంటనే తువ్వాల లాగి దులిపి చూశారు. లోపల ఏమీ లేకపోయేసరికి వాళ్ల అనుమానం ఇంకా పెరిగింది. మా పెద్దబాపు వేళ్లతో వ్యాపారం చేస్తాడని చెప్పాను. దాంతో వాళ్లు ఆయన వేళ్లను చూడసాగారు. బల్లలు మూసే వేళ దగ్గరపడుతోంది. ఈ ఓడ దిగితే అడ్తి మనుషులకు ఆయన ఉత్తచేతులతో ముఖం చూపాలి. ఆ సంగతి తలచుకోగానే నా ఇంగ్లీషులో మిగిలిన నాలుగు ముక్కలు కూడా ఆవిరైపోయాయి.

ఇంతలో నల్లకోటు వేసుకున్న అధికారి ఒకావిడ వచ్చింది. నేను ఇక మాటలు మానేశాను. పెద్దబాపు చేతిలో చేయి పెట్టి, తువ్వాల కప్పించి, ఆవిడ ముందే ఉత్తుత్తి బేరం మొదలుపెట్టాను. ఆయన నొక్కుతాడు, నేను తల అడ్డంగా ఊపుతాను. మళ్లీ నొక్కుతాడు, నేను మళ్లీ ఊపుతాను. (ఉత్తుత్తి బేరమైనా ఆయన నిజంగానే నొక్కాడు. వేళ్లు రెండు రోజులు సలిపాయి.) చివరికి నేను తల నిలువుగా ఊపి తువ్వాల తీసి బల్ల మీది గడియారం ఆయన చేతిలో పెట్టాను. ఆవిడకు అర్థమైంది. నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది, కాపలావాళ్లను పంపేసింది. కానీ ధర తగ్గించే అధికారం ఓడలో ఎవరికీ లేదంది. నేను ఆ మాట పెద్దబాపుకు చెప్పాను. ఆయన తువ్వాల మడిచి భుజాన వేసుకుని, ఇంత దూరం వచ్చి గీ ఒక్క పని గాకపాయె అని మెల్లగా అనుకున్నాడు. అంత పెద్ద మనిషి మొహం అలా వాడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఏమైందని ఆవిడ అడిగింది. ఇవి ఎవరికోసమో నేను నాకొచ్చిన భాషలో చెప్పాను, ఈసారి ఎందుకో అదే సరిగ్గా కుదిరింది. ఆవిడ బల్ల కింది నుంచి ఒక అట్టపెట్టె లాగించింది. పోయినేడు మిగిలిపోయిన సరుకు, ధర చాలా తక్కువ. అన్నీ ఆడవాళ్లవి, అన్నీ గులాబీ రంగు పట్టీలవి. కానీ అందరికీ సరిపోతాయి, అన్నీ ఒక్కతీరువి.

ఆ బో కట్టిన మనిషి అప్పటిదాకా చేయి నిమురుకుంటూ నిలబడ్డాడు. ఏమనుకున్నాడో ఏమో, పెద్దబాపు ఎదురుగా వచ్చి ఈసారి అతనే చేయి చాపాడు. పెద్దబాపు అతని కళ్లలోకి చూసి, తువ్వాల తీసి కప్పాడు. లోపల ఏం నడిచిందో నాకు తెలియదు. చీటీ ధర మాత్రం మారలేదు. కానీ పెద్దబాపు తృప్తిగా తల ఊపి, బేరం కుదిరిందన్నాడు. ఎవరూ తగ్గించని బేరానికి ఆయన అంత సంతోషపడడం చూసి నాకు నవ్వొచ్చింది, కొంచెం దుఃఖం కూడా వచ్చింది. గడియారాలను ఖాళీ అయిన తొక్కు సంచిలో సర్దుకుని ఇంటికి వచ్చాం.

ఉగాది ముందు రోజు అడ్తి రేకుల కింద అందరినీ పిలిచారు. పెద్దమ్మ కూడా వచ్చి తాలు ఏరే ఆడవాళ్లకు తన చేత్తో గడియారాలు కట్టింది, వాళ్లకు అందంగా అమరాయి. (పట్టీల రంగు చూసి సేటు గులాబీ జెండా పార్టీ తరఫున ఎలక్షన్లలో నిలబడుతున్నాడేమోనని ఒకరిద్దరు అనుకున్నారట.) చిక్కు హమాలీల దగ్గర వచ్చింది. బస్తాలు మోసిన ఆ మణికట్ల చుట్టూ గులాబీ పట్టీ పూర్తిగా రాలేదు. పెద్దబాపు మొదటి మనిషి చేయి పట్టుకుని పట్టీ అటు లాగి ఇటు లాగి చూశాడు, చివరి బెజ్జం దాకా వెళ్లినా అందలేదు. రెండో మనిషికీ అంతే. ఆయన చెమటలు తుడుచుకుంటూ, ఒక్కరినీ విడిచిపెట్టకుండా, ప్రతి చేయీ తన చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి ప్రయత్నించాడు. చేతికివ్వమని మేమెంత చెప్పినా వినలేదు. కాంటా చాచా చివరన ఉన్నాడు. తన చేయి పట్టుకుని తంటాలు పడుతున్న పెద్దబాపుతో, “పట్టకుంటె ఏమైతది సేటూ, మా బీబీ కట్టుకుంటది. నువ్వు ఫికర్ చెయ్యకు” అన్నాడు. అప్పుడు గానీ పెద్దబాపు వదల్లేదు.

ఇంటికి నా బండి మీద వస్తుంటే ఆయన పట్టీలు పట్టలేదని బాధపడుతున్నాడనుకుని, చిన్న ముక్క అతికిస్తే సరిపోతుందని ఏదో చెప్పబోయాను. ఆయన వేరే ఆలోచనలో ఉన్నాడు. “ఇన్నేండ్ల సంది రైతుల చేతులు పట్టుకున్న, ఖరీదుదార్ల చేతులు పట్టుకున్న. గీళ్ల చేతులు ఇయ్యాల్నే పట్టుకున్నరా. ఎంత బండబారినయో నాకు ఎర్కనే లేదు” అన్నాడు. వెనక నుంచి ఆయన దగ్గు వినిపిస్తూనే ఉంది, నేను బండి ఇంకా మెల్లగా నడిపాను.

ఆ గడియారాలు ఎక్కువకాలం నడవలేదు. అగ్గువ సరుకు కదా. చాలా ఇళ్లలో అవి ఆగిపోయాక కూడా బీరువాల్లో ఉన్నాయని చాచా చెప్పేవాడు. పెద్దబాపూ లేడు, చాచా కూడా లేడు. నేనిప్పుడు అదే ఆఫీసులో పెద్ద కుర్చీలోకి వచ్చాను, నా ఇంగ్లీషు గురించి అడిగేవాళ్లు ఎవరూ లేరు. మొన్న మా అటెండరు రిటైరైతే ఫోనులో ఆర్డరిచ్చి మంచి గడియారం తెప్పించాం. డబ్బా చేతికిచ్చి ఫోటో దిగుదామని అందరూ సిద్ధంగా ఉంటే, నేనే కడతానని పట్టుబట్టాను. కళ్లజోడు టేబుల్ మీద మర్చిపోయినట్టున్నాను, ఎంతకీ బెజ్జం దొరకదు. సమోసాలు చల్లారుతున్నాయని వెనక ఎవరో గొణిగారు. అటెండరు ఇబ్బందిపడుతూ, “ఇటియ్యుండ్రి సార్, నేను పెట్టుకుంట” అన్నాడు. బెజ్జం అప్పటికే నా బొటనవేలి కింద తగిలింది. అయినా దొరకనట్టు ఇంకాసేపు ఆయన చేయి పట్టుకునే ఉన్నాను.