రాయి దగ్గర మిగిలిన కొమ్మ

కార్తీకం, సోమవారం. నిన్నటి నుంచి ముసురు. పొద్దున్నే లాంతరు గాజులు తుడిచి ఆరబెట్టాను. అప్పుడే మావ కూతురు ఆమదాలవలస నుంచి ఫోను చేసింది.

"బావా, అయ్య ఎల్లిపోనాడు."

శృంగవరపుకోట దాటి కొండెక్కితే వచ్చే మా వెదురు గదుల లాడ్జిలో దిగినవారికి మావ గుర్తుండే ఉంటాడు. అడవి చూపించేది ఆయనే. గదుల పని, వంట సరుకులు, పద్దులు నావి. నేను బడికి వెళ్లి చదివినవాణ్ణి కాను. సరుకులు చుట్టి ఇచ్చిన కాగితాలు చదివి నేర్చుకున్నాను. అందుకేనేమో, రోజూ నాలుగు ముక్కలు రాయనిదే నిద్ర పట్టదు. మావ అది చూసి నవ్వేవాడు.

"ఏటి అల్లుడూ, వాన పడ్డాదని రాస్తన్నావా? నువ్వు రాయకపోతే ఆగిపోద్దా?"

వచ్చినవాళ్లు రంగురంగుల వానకోట్లు వేసుకుంటే, ఆయన తాటాకు గిడుగు కప్పుకుని ముందు నడిచేవాడు. అడవిలోకి అడుగుపెట్టే ముందు చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకునేవాడు. పులిని చూడాలని వచ్చినవాళ్లకి కొమ్మ మీది బెట్లుడుత అనే పెద్ద ఉడుతను చూపించి, దీని తోక చూశాక పులి తోక కంటికి ఆనదని నమ్మబలికేవాడు. పిల్లలు నమ్మేవారు. పెద్దలు నమ్మినట్టు నటించేవారు.

దారి మొదట్లో కొండదేవత రాయి ఉంది. లోపలికి వెళ్లే ప్రతివారూ ఒక పచ్చి కొమ్మ విరిచి దాని పాదాన పెట్టాలి. తిరిగొచ్చాక ఎవరి కొమ్మ వారు తీసి పక్కన పడేయాలి. కొమ్మ మిగిలితే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. ఇది ఆయన తాతల నాటి పద్ధతి.

ఒకసారి విజయనగరం నుంచి వచ్చిన ఒకావిడ, వాన పెరుగుతోందని తన కొమ్మతోపాటు భర్త కొమ్మ కూడా తీసేసింది. వెనకే వస్తున్నాడనుకుంది. తన కొమ్మ తీశాక రాయి ఖాళీగా ఉండటం చూసి మావ గిడుగు దించి టీ అడిగాడు. గ్లాసు చేతికిచ్చాక ఆవిడ, మా ఆయన ఏరీ అంది. మావ ఆ గ్లాసు నా చేతిలో పెట్టి మళ్లీ అడవిలోకి వెళ్లాడు. వాగు పొంగి అవతలే నిలబడిపోయిన ఆ మనిషిని చీకటి పడకుండా తీసుకొచ్చాడు. ఎవరినీ తిట్టలేదు. భర్తకి కొత్త కొమ్మ విరిచి ఇచ్చి, దాన్ని రాయి దగ్గర పెట్టించి, మళ్లీ అతని చేతే తీయించాడు. తరువాత నాతో అన్నాడు:

"ఎవుడి కొమ్మ ఆడే తియ్యాల. పెళ్లామైనా తియ్యకూడదు."

మొన్న వానల్లో అడవి మధ్య మావకి గుండెలో నొప్పి వచ్చింది. వెంట ఉన్నవాళ్లు అవతలి రోడ్డు దగ్గరని అటే మోసుకెళ్లి జీపెక్కించారు. ఆసుపత్రి నుంచి కూతురింటికి వెళ్లాడు. ఇటు తిరిగి రాలేదు. కొమ్మ తీయలేదని మంచం మీద రోజూ అనేవాడట. లేచాక వెళ్లి తీస్తానని, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని చెప్పేవాడట.

కూతురు ఫోను పెట్టబోతూ అంది: "నువ్వు తీసెయ్యి బావా. అది అక్కడున్నంత కాలం అయ్య ఇంటికి రానట్టే ఉన్నాది నాకు."

సరేనన్నాను. గిడుగు కప్పుకుని వానలోనే వెళ్లాను. కొమ్మకి ఆకులు రాలిపోయాయి. బెరడు తడిసి నల్లబడింది. ఒక చీమ ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి, దారి లేక వెనక్కి తిరిగింది. చెయ్యి చాచాను గాని తీయలేకపోయాను. తీయలేదని ఆ అమ్మాయికి చెప్పాలి. దినం అయ్యాక ఒకసారి రమ్మంటాను. తన కళ్లతో చూసుకుంటుంది.

రేపు నలుగురు వస్తున్నారు. కొత్త కుర్రాడు తీసుకెళ్తాడు. రాయి దగ్గర వాడిదీ మావదీ కలిపి ఆరు కొమ్మలుంటాయని, సాయంత్రం మావది ఒకటి మిగలాలని వాడికి చెప్పాను. గిడుగు చూరు కింద వేలాడదీశాను. ఇంకా నీళ్లు కారుతున్నాయి. పడమటి గది దులిపాను. దుప్పట్లు మార్చాను.